డెస్క్‌టాప్‌లో వైఫై పదే పదే తెగిపోతోందా? సరైన నెట్‌వర్క్ మేనేజర్ ఎంచుకుని ఇలా సెట్ చేసుకోండి

లినక్స్ వేసుకున్న డెస్క్‌టాప్‌లో వైఫై ఇబ్బంది పెడితే మనం ముందు తిట్టేది రౌటర్‌ని, ఆ తర్వాత నెట్ కనెక్షన్ ఇచ్చినాయన్ని. చాలాసార్లు తప్పు వాళ్లది కాదు, మన పీసీలోదే. ఈ సంగతి నాకు పులివెందుల నుంచి వచ్చిన ఒక ఫోన్ కాల్‌తో బాగా తెలిసొచ్చింది.

మా మేనత్త కొడుకు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటున్నాడు. అదే చివరి రోజు. "అన్నా, నెట్ వస్తాంది, పోతాంది. పేజీ సేవ్ కాలా" అన్నాడు. నేనుండేది ప్రొద్దుటూరులో. అప్పటికప్పుడు బస్సెక్కి పోయినా టైమ్ చాలదు. "పక్కనున్న ఫోన్‌లో అదే వైఫై ఎట్లా ఉంది?" అని అడిగా. బాగానే ఉందన్నాడు. అంటే రౌటర్, లైన్ రెండూ బాగున్నట్టే. "అయితే పీసీ వదిలెయ్, ఫోన్‌లోనే ఆప్షన్లు పెట్టెయ్" అన్నా. చిన్న స్క్రీన్‌లో అన్ని కాలేజీ కోడ్‌లు కొట్టడానికి తల ప్రాణం తోకకొచ్చింది గానీ, గడువులోగా సేవ్ అయ్యింది.

ఆదివారం వెళ్లి చూస్తే అసలు సంగతి బయటపడింది. పీసీలో నెట్‌వర్క్ మేనేజర్ ముందే ఉంది. ఏదో వీడియో చూసి వాడు కాన్‌మాన్ కూడా వేశాడు. రెండూ ఒకే వైఫై కార్డు కోసం కొట్లాడుకుంటున్నాయి. ఒకటి కనెక్ట్ చేస్తే ఇంకొకటి తెంచేస్తోంది. కాన్‌మాన్ సర్వీస్‌ని ఆపి, డిజేబుల్ చేసి, రీస్టార్ట్ చేశా. అంతే!

గుర్తుపెట్టుకోండి: ఒక కార్డుకి ఒక్క మేనేజరే ఉండాలి.

ఏది ఎంచుకోవాలి?

నెట్‌వర్క్ మేనేజర్: రెడ్ హ్యాట్ 2004లో మొదలుపెట్టింది. ఉబుంటు, ఫెడోరా, మింట్‌లలో మామూలుగా ఇదే వస్తుంది. వైఫై, కేబుల్, యూఎస్‌బీ టెథరింగ్, వీపీఎన్ అన్నీ ఒకేచోట. పదిమందిలో తొమ్మిదిమందికి ఇది చాలు.

ఐడబ్ల్యూడీ: ఇంటెల్ తయారుచేసింది, 1.0 వెర్షన్ 2019లో వచ్చింది. చాలా తేలిక. పాత పీసీకి, ర్యామ్ తక్కువున్న వాళ్లకి బాగుంటుంది. నెట్‌వర్క్ మేనేజర్ కింద డబ్ల్యూపీఏ సప్లికెంట్ బదులు దీన్ని పెట్టుకోవచ్చు. కానీ ఆ రెండింటినీ ఒకేసారి నడపొద్దు.

కాన్‌మాన్: చిన్న పరికరాలను దృష్టిలో పెట్టుకుని చేసింది. డెస్క్‌టాప్‌కి దీని అవసరం పెద్దగా రాదు.

విక్డ్: ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నదే. పైథాన్ 2 మీద ఆధారపడింది కాబట్టి కొత్త డెబియన్‌లలో తీసేశారు. పాత వీడియోలు చూసి దీని వెంట పడకండి.

సెట్టింగ్స్: మూడు ఇళ్లు, మూడు రకాలు

జమ్మలమడుగులో మా మామకి జిరాక్స్ షాపు ఉంది. పాతకాలం రాతిగోడలు, రౌటర్ లోపలి గదిలో, పీసీ బయట. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి వేగం ఎక్కువే, కానీ మందమైన గోడ దాటేసరికి నీరసపడుతుంది. అందుకే కనెక్షన్ ఎడిటర్ తెరిచి, వైఫై ట్యాబ్‌లో బ్యాండ్ దగ్గర 2.4 గిగాహెర్ట్జ్ ఎంచుకున్నా. యూఎస్‌బీ అడాప్టర్ సీపీయూ వెనక యూఎస్‌బీ 3.0 పోర్టులో ఇరుక్కుని ఉంది. ఆ పోర్టుల నుంచి వచ్చే రేడియో నాయిస్ 2.4కి అడ్డం పడుతుంది. ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో అడాప్టర్‌ని టేబుల్ మీదికి తెచ్చాం. ఇంకో పని: జనరల్ ట్యాబ్‌లో "అందరు యూజర్లూ వాడొచ్చు" అనే ఆప్షన్‌కి టిక్ పెట్టాం. లాగిన్ కాకముందే నెట్ వస్తుంది. అయితే అప్పుడు పాస్‌వర్డ్ సిస్టమ్ ఫైల్‌లో మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. ఆ ఫైల్‌ని రూట్ యూజర్ తప్ప వేరేవాళ్లు చదవలేరు.

ప్రొద్దుటూరులో మా వీధిలో కథ వేరు. చుట్టూ ఇళ్లు, షాపులు, స్కాన్ చేస్తే రౌటర్ల జాతరే. 2.4లో ఒకదానికొకటి అడ్డం రాని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. అవన్నీ కిక్కిరిసి ఉన్నాయి. నా పీసీ, రౌటర్ ఒకే గదిలో ఉన్నాయి కాబట్టి 5 గిగాహెర్ట్జ్‌కి మారిపోయా. తర్వాత పవర్ సేవింగ్ ఆపేశా. డెస్క్‌టాప్‌కి బ్యాటరీ లేదు కదా, ఇక ఎవరి కోసం ఆదా? నెట్‌వర్క్ మేనేజర్ కాన్ఫిగరేషన్ ఫోల్డర్‌లో వైఫై పవర్‌సేవ్ విలువ 3 ఉంటే ఆన్, 2 ఉంటే ఆఫ్. ఉబుంటులో 3 ఉన్నచోట 2 పెట్టి, సర్వీస్ రీస్టార్ట్ చేయండి. గేమ్స్‌లో, వీడియో కాల్స్‌లో తేడా తెలుస్తుంది.

పులివెందులలో మావాడికి ఇంటి వైఫైతో పాటు ఫోన్ హాట్‌స్పాట్ కూడా సేవ్ చేసి పెట్టా. ఆటోకనెక్ట్ ప్రయారిటీ ఇంటిదానికి 10, హాట్‌స్పాట్‌కి 0. పెద్ద నంబరుదే ముందు. ఇల్లు ఆగిపోతే హాట్‌స్పాట్ అందుకుంటుంది. హాట్‌స్పాట్‌ని మీటర్డ్ అని కూడా గుర్తుపెట్టించా.

అయినా కనెక్ట్ కాకపోతే

1. అసలు కార్డే కనబడకపోతే అది డ్రైవర్ సమస్య, మేనేజర్‌ది కాదు. ఉదాహరణకి రియల్‌టెక్ 8821సీయూ చిప్ ఉన్న యూఎస్‌బీ అడాప్టర్లకు 6.2 కెర్నల్ నుంచి లోపలే డ్రైవర్ ఉంది. కొనేముందు బ్రాండ్ కాదు, చిప్ పేరు చూడండి.

2. డెబియన్‌లో "అన్‌మేనేజ్డ్" అని చూపిస్తే, పాత నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో ఆ కార్డు పేరు రాసి ఉందేమో చూడండి. ఆ లైన్లు తీసేస్తే నెట్‌వర్క్ మేనేజర్ కార్డుని తన చేతిలోకి తీసుకుంటుంది.

3. ఫోన్‌లో కనబడే మీ వైఫై పీసీలో కనబడకపోతే దేశం సెట్టింగ్ చూడండి. రౌటర్ 12 లేదా 13 ఛానల్‌లో ఉండి, పీసీ అమెరికా అనుకుంటే ఆ నెట్‌వర్క్ లిస్టులోకే రాదు. దేశాన్ని ఇండియాగా మార్చండి.

చివరిగా ఒక్క మాట. ఇవన్నీ ఈ రోజే, తీరిక ఉన్నప్పుడే చేసి పెట్టుకోండి. చివరి తేదీ రోజు రాత్రి కొత్త సాఫ్ట్‌వేర్ వేసే పని మాత్రం పెట్టుకోవద్దు. మావాడు ఆ పాఠం నేర్చుకున్నాడు, అదృష్టం కొద్దీ సీటు పోగొట్టుకోకుండానే.