పొదలలోని రంగుల పిట్టలు

పాల్వంచ దాటి భద్రాచలమునకు పోవు బాట వెంట టేకు, మద్ది, తునికి, వెదురు పెరిగిన అడవులు కలవు. ఆ అడవికిని పల్లెల పొలములకును నడుమ రేగు, పరికి, బలుసు పొదలు దట్టముగా అల్లుకొని యుండును. పెద్ద మృగములను చూడగోరువారు ఈ పొదలను లెక్కచేయక సాగిపోవుదురు. కాని చిన్న పిట్టలకు అవియే పట్టణములు.

పొదలోని పిట్టను గుర్తించుట సులభము కాదు. అది గుప్పెడంత యుండును, క్షణమైన నిలువదు, ఆకుల చాటున దాగును. చూచినవాడు “ఎఱ్ఱని పిట్ట యొకటి కనబడినది” అని చెప్పి తృప్తిపడును. రంగు మొదట కనులబడునే గాని మొదట నమ్మదగినది కాదు.

ఎఱ్ఱ జీనువాయి సంగతి చూడుడు. ఇది పిచ్చుక కంటె చిన్నది. నీటి చేరువనుండు గడ్డిదుబ్బులలో గుంపులుగా తిరుగును. గూడు కట్టు కాలమున మగపిట్ట మేనెల్ల ఎఱ్ఱబారును. దానిపై ముత్యములు చల్లినట్లు తెల్లని చుక్కలుండును. ఆ కాలము గడచిన పిదప ఆ వైభవ మంతయు తొలగి, మగపిట్టయు ఆడుపిట్టవలె బూడిద కలసిన గోధుమవన్నెకు వచ్చును. ముక్కు సయితము వేసవిలో ఎఱ్ఱబడి, చలికాలమున క్రమముగా నల్లబడును. కావున రంగునే నమ్మినవాడు ఒకే పిట్టను రెండు ఋతువులలో రెండు జాతులుగా వ్రాసికొనును!

మారనిది ముక్కు ఆకారము. జీనువాయి ముక్కు గింజలు నలుపుటకు తగినట్లు పొట్టిగా, లావుగా నుండును. తేనెపిట్ట ముక్కు పూవులోనికి చొప్పించుటకు వీలుగా సన్నగా, వంపుగా నుండును. ఊదావన్నె తేనెపిట్టలలో మగదియు ఋతువు మారగనే తన మెఱుగు కోల్పోయి ఆడుదానిని పోలును. గొంతునుండి పొట్టవరకు ఒక నల్లని చార మాత్రము మిగులును. ముక్కు చూచిన పిదప పిట్ట చేయు పనిని చూడవలెను. చిన్న పసిరిక ఒక కొమ్మ చివర కూర్చుండి, రివ్వున ఎగిరి పురుగును పట్టి, తిరిగి అదే కొమ్మకు వచ్చి వ్రాలును. దూరమున రంగు తెలియకున్నను ఈ నడవడియే దానిని పట్టి యిచ్చును.

చూడబోవువాడు ప్రాతఃకాలమున సూర్యుని వీపువైపున ఉంచుకొని, మాసిన వన్నె దుస్తులతో ఒకచోట కదలక కూర్చుండుట మేలు. చూచినది చూచినట్లు వెంటనే వ్రాసికొని, తరువాతనే పుస్తకము తెరువవలెను. గూటిని సమీపింపరాదు.

పూర్వ మీ ఓపిక కంటె తుపాకికే పని యెక్కువ. 1931-32 సంవత్సరములలో సాలిం ఆలీ హైదరాబాదు సంస్థానములోని పక్షులను పరిశీలించెను. అప్పుడు పాల్వంచ ప్రాంతము నైజాము ఏలుబడిలోను, భద్రాచలము మద్రాసు రాజధానిలోను ఉండెడివి. భద్రాచలము 1959లో ఖమ్మము జిల్లాలో చేరెను. పిట్టలు మాత్రము ఏ సరిహద్దును ఎఱుగవు. ఆనాడు పక్షిని కొట్టి, చర్మమును భద్రపరచి జాతిని నిర్ణయించెడివారు. నేడు బైనాక్యులరు చాలును.

ఎఱ్ఱ జీనువాయికి ఆ రంగే శత్రువైనది. దాని శాస్త్రనామములోని ‘అమండవ’ అనునది అహమ్మదాబాదు పేరునకు వికృతి. ఒకప్పుడు ఆ నగరమునుండియే ఈ పిట్టలు పంజరములలో విదేశములకు పోయెడివి. ఎఱుపు లేని పిట్టలకు రంగులద్ది సంతలో అమ్మిన మోసగాండ్రును కలరు. అడవిపిట్టలను పట్టుటను, అమ్ముటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించుచున్నది.

ఇక పొన్నంగి పిట్ట. దీని వీపు ఆకుపచ్చ, భుజమున నీలము, కంటిమీదుగా నల్లని పట్టె, పొట్ట క్రింద కుంకుమ యెఱుపు. హిందీలో దీనిని ‘నవరంగ్’ అందురు. ఇన్ని వన్నెలున్నను పొదక్రింద నీడలో రాలిన ఆకులను తిరుగవేయుచు, పురుగులను ఏరుకొనుచు గెంతుచున్నప్పుడు అది కంటబడుట అరుదు. దానిని పట్టి యిచ్చునది గొంతు. ఉదయసాయంకాలములందు ఆరు గంటల ప్రాంతమున కూయుటచే తమిళులు దానికి ‘ఆరుగంటల పిట్ట’ యని పేరిడిరి. పొద్దు వాలునప్పుడు పొదయంచున నిశ్శబ్దముగా నిలిచినచో, రెండే స్వరములు గల స్పష్టమైన యీల యొకటి వినవచ్చును. కొంత తడవునకు మఱియొక పొదనుండి దానికి బదులు వచ్చును.