ఇంజనులో టకటక శబ్దము: కారణ నిర్ణయము, మరమ్మతు

ఇంజనులో టకటక శబ్దము వినవచ్చినంతనే దానిని విప్పుటకు పూనుకొనరాదు. ఆ శబ్దము ఎప్పుడు వచ్చుచున్నదో మనము ముందుగా గమనింపవలెను.

ఎత్తు ఎక్కునపుడు, బరువు లాగునపుడు మాత్రమే గలగలమన్నచో, సిలిండరులోని ఇంధన మిశ్రమములో కొంత భాగము స్పార్కు జ్వాల చేరకముందే తనంతట తాను మండుచుండవచ్చును. కారు తయారీదారులు సూచించిన ఆక్టేన్ సంఖ్య గల పెట్రోలు వాడి, స్పార్కు సమయమును సరిచేసినచో ఇది సాధారణముగా తగ్గును.

ఇంజను వేగముతోపాటు సుత్తిదెబ్బల వంటి బరువైన శబ్దము హెచ్చినచో, కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగినదేమోనని అనుమానింపవలెను. వెంటనే ఇంజను ఆపి ఆయిల్ మట్టము చూడవలెను. ఆయిల్ నింపినంత మాత్రమున అరిగిన బేరింగు బాగుపడదు. దానిని మార్చి, క్రాంక్ షాఫ్టును కొలిచి చూడవలెను. అట్లే నడిపినచో రాడ్డు విరిగి సిలిండరు బ్లాకునే చీల్చవచ్చును.

కావున మొదట చెవికి, పిదప చేతికి పని చెప్పుదము.