అడగందే అమ్మయినా పెట్టదు

ఎల్బీ నగర్,
ఆదివారం.

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో ఏడ్చావట. "పదహారో వారం వచ్చిందమ్మా, ఇంతవరకు డాక్టర్ ముఖమే చూడలేదు, ఒక్కటే స్కానింగ్ చేశారు" అన్నావని మీ అమ్మ అన్నం మానేసి కూర్చుంది. ఇంగ్లండ్‌లో, ఆ లెస్టర్‌లో నిన్ను గాలికొదిలేశారని మీ ఇద్దరి భయం. ముప్పయ్యేళ్లు కాన్పుల వార్డులో నర్సుగా చేసినదాన్ని, నా మాట విను బిడ్డా. వదిలేయలేదు, వాళ్ల పద్ధతే అది.

అంతా సవ్యంగా ఉంటే అక్కడ గర్భిణిని చూసుకునేది మిడ్‌వైఫే. తొలిచూలుకు పదిసార్లు రమ్మంటారు. మామూలుగా స్కానింగ్‌లు రెండే, 12వ వారం దగ్గర ఒకటి, 20వ వారం దగ్గర ఒకటి. తేడా కనబడితేనే డాక్టర్. ఇక్కడ స్కానింగ్ ఫైలు చంకలో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగే పిల్లల్ని రోజూ చూస్తుంటాను. ఫైలు లావైతే కాన్పు సులువవుతుందా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. పంతులు రాసిచ్చిన ముహూర్తం కాగితం మడిచి పర్సులో పెట్టుకొచ్చిన వాళ్లు నాకు తెలుసు. ఈ కోతలు తగ్గాలనే 2017లో మన ప్రభుత్వం కూడా ఫెర్నాండెజ్ ఆసుపత్రి సాయంతో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది.

ఏ దేశమైనా అక్కడి జనం ఒంటిని బట్టే వైద్యం చేస్తుంది. మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తం తక్కువ. అందుకే అడక్కుండానే 180 రోజులకు ఐరన్ మాత్రలు చేతిలో పెడతాం. అక్కడ రక్తపరీక్ష చూసి, తక్కువుంటేనే ఇస్తారు. వాళ్లకు ఎండ కరువు, అందుకని విటమిన్ డి రోజూ 10 మైక్రోగ్రాములు వేసుకోమంటారు. షుగర్ పరీక్ష ఇక్కడ అందరికీ చేస్తాం. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు గటగటా తాగి, వికారానికి కొంగు మూతికి అడ్డం పెట్టుకుని రెండు గంటలు బల్లమీద కూర్చున్న తల్లులు ఇంకా నా కళ్లముందే ఉన్నారు. అక్కడ ముప్పున్న వాళ్లకే చేస్తారు. మన మూలాలున్న వాళ్లు ఆ లెక్కలోకే వస్తారు, 24–28 వారాల మధ్య. వాళ్లు మరిచినా నువ్వు మరవకు.

ఒంటి సంగతి చెప్పకపోతే ఏమవుతుందో నాకు అనుభవమే. నా తొలి కాన్పప్పుడు పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు. "మామూలేలే" అన్నారు చూసినవాళ్లు. తర్వాత తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. నర్సునై ఉండి కూడా, ఏమనుకుంటారోనని నోరెత్తలేదు. బీపీ చూసేసరికి మీ పెదనాన్న చేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటున్నారు. బతికి బట్టకట్టాం, అంతే.

కాబట్టి తలనొప్పి ఆగకపోయినా, చూపు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినట్టనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. మొహమాటం వద్దు. పదహారు వారాలు నిండగానే కోరింత దగ్గు టీకా గురించి అడుగు.

ఇంకో సంగతి. మన స్కానింగ్ సెంటర్లలో లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డు కనిపిస్తుంది, 1994 చట్టం పుణ్యమా అని. అక్కడ "తెలుసుకుంటారా?" అని వాళ్లే అడగవచ్చు. తెలుసుకోవడం, మానుకోవడం మీ ఇద్దరి ఇష్టం. తెలిసినా మీ అత్తగారికి వాట్సాప్ చేసే తొందర మాత్రం పెట్టుకోకు.

కాన్పుకి మీ అమ్మ వస్తుంది, సొంఠిపొడి తెస్తుంది. పథ్యం పెట్టనీ. కానీ బాలింతకు నీళ్లు తగ్గించాలంటే వినకు, దాహమైనప్పుడల్లా తాగు.

ఈసారి మిడ్‌వైఫ్ దగ్గరికి వెళ్లేముందు అడగాల్సినవి, చెప్పాల్సినవి కాగితం మీద రాసుకో. మొదటి లైను నేనే రాసిస్తున్నా. నువ్వు కంగారుపడతావని మీ అమ్మ ఏడాదిగా నీ దగ్గర దాచింది. తర్వాత నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు:

"మా అమ్మకు షుగర్ ఉంది."

ఇట్లు,
మీ పెద్దమ్మ