తీరపు తలారి

విద్యార్థులారా! మన చిత్తూరు జిల్లాలోని గంగవరమునకు సముద్రము కడు దూరము. విశాఖపట్టణము చెంత మరియొక గంగవరము కలదు, అది ఓడరేవు. ఆ తీరపు కథ యొకటి వినుడు.

1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' మన విమానవాహక నౌకయగు విక్రాంతును వెదకుచు విశాఖ రేవు ముంగిటికి వచ్చెను. 3, 4 తేదీల నడిమి రాత్రి అచ్చటనే మునిగిపోయెను. అందలి నావికులలో ఒక్కరును మిగులలేదు. అపాయము గడపవరకు రాగలదని మనకు నాడు తెలిసెను.

తీరము దాపున నీటిలోతు తక్కువ. పెద్ద యుద్ధనౌకలు అచ్చట స్వేచ్ఛగా తిరుగజాలవు. అందులకై నిర్మించిన చిన్న నౌక 'అర్నాలా' 2025 జూన్ 18న విశాఖలో నౌకాదళమున చేరెను. దాని పొడవు సుమారు 77 మీటర్లు. ఇట్టి నౌకలు 16 నిర్మింప సంకల్పించిరి.

ఈ నౌక నీటిని లోనికి పీల్చి, వెనుకకు వేగముగా చిమ్ముచు ముందునకు సాగును. నీటిలోనికి ధ్వనిని పంపి, మరలివచ్చు ప్రతిధ్వనినిబట్టి దాగియున్న జలాంతర్గామి జాడ తెలిసికొనును. టార్పెడోలతోను రాకెట్లతోను దానిని ఎదుర్కొనును.

ఊరు నిద్రించువేళ తలారి మేలుకొనియుండును. అట్లే అచ్చట చెవియొగ్గి కూర్చుండు నావికుని మెలకువయే, సముద్రము నెరుగని మన పల్లెకును కాపు.