అమ్మ, అబద్ధం, ఒక హత్య కేసు

మా వారికి కిష్టారం బదిలీ అయిందని ఫోన్లో చెప్పగానే మా అత్తగారు తెగ సంతోషపడ్డారు. "సత్తుపల్లి పక్కనేగా! ఆదివారం ఆదివారం ఇంటికొచ్చి పోవచ్చు" అన్నారు. ఆవిడ అనుకున్నదీ తప్పు కాదు. ఖమ్మం జిల్లాలో సత్తుపల్లి దగ్గర కిష్టారం అని ఒక ఊరుంది, అక్కడ బొగ్గు గని కూడా ఉంది. మా వారు వెళ్ళాల్సిన కిష్టారం అది కాదు. బస్తర్‌లో, సుక్మా జిల్లాలో, కోంటా దాటాక అడవిలో ఉన్న కిష్టారం. అక్కడా కోయతో పాటు తెలుగు వినిపిస్తుంది, ఊరి పేరూ తెలుగే. ఊరు మాత్రం వేరు. ఆ సంగతి ఆవిడకి చెప్పడానికి మాకు ధైర్యం చాలలేదు, రెండు రోజులు ఆగాం. ఆ రెండు రోజుల్లో ఆవిడ చుట్టాలందరికీ ఫోన్లు చేసి, కొడుకు ఇంటి దగ్గరికే వస్తున్నాడని చెప్పేశారు. మూడో రోజు మేం చెప్పాల్సింది నిజం ఒక్కటే కాదు, మొదటి రోజే ఎందుకు చెప్పలేదో అది కూడా.

పిల్లలూ, ఈ సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈసారి పాఠం నవ్వించే నేరకథల గురించి. అవి పుట్టేది సరిగ్గా ఇలాంటి చోటే. ఒకరు ఒకటి అంటారు, వినేవారికి ఇంకొకటి వినపడుతుంది. సరిదిద్దాల్సిన మనిషి ఒక్క పూట ఆలస్యం చేస్తాడు. ఇక కథ దానంతట అదే నడిచిపోతుంది.

మా వారు వెళ్ళాక, పిల్లలు పడుకున్న తరవాత, నేను ఒక ఇంగ్లీషు నవల చదివాను. రాసినామె ఎల్ కాసిమానో, అమెరికా రచయిత్రి. వాళ్ళ నాన్న గట్టి కాపలా ఉండే ఒక జైలుకి వార్డెన్‌గా పనిచేశాడట. నేరం గురించిన మాటలు ఆ ఇంట్లో భోజనాల దగ్గర కూడా దొర్లుతూ ఉండేవేమో! నవల పేరు 'ఫిన్లే డోనవాన్ ఈజ్ కిల్లింగ్ ఇట్'. 2021లో వచ్చింది. 2025 నాటికి ఆ వరసలో ఐదు నవలలయ్యాయి. పేరులోనే ఒక చమత్కారం ఉంది. మనం కూడా ఎవరైనా బాగా పాడితే "చంపేశావు పో!" అంటాం కదా. ఇంగ్లీషులోనూ అంతే, ఆ మాటకి 'అదరగొడుతోంది' అనీ అర్థం, 'చంపుతోంది' అనీ అర్థం.

ఫిన్లే ఇద్దరు చిన్నపిల్లల తల్లి. భర్తతో విడిపోయింది. పిల్లల్ని చూసుకునే మనిషి లేదు, కట్టాల్సిన బిల్లులు పేరుకుపోయాయి. ఆమె వృత్తి నేరకథలు రాయడం, కాని ఇవ్వాల్సిన నవల ఇంకా మొదలే కాలేదు. ఆ పొద్దున పెద్దపిల్ల తన జుట్టు తానే కత్తిరించేసుకుంది. ఫిన్లేకి ఏం చేయాలో తోచక, ఊడిన జుట్టుని టేపుతో తలకి అంటించింది! అదే కంగారులో తన ఏజెంటుని కలవడానికి హోటలుకి పరిగెత్తింది. రచయితకీ ప్రచురణకర్తకీ మధ్య వ్యవహారం చూసే మనిషిని ఏజెంటు అంటారు. అక్కడ ఇద్దరూ కొత్త నవల గురించి మాట్లాడుకున్నారు: ఎవర్ని చంపాలి, ఎలా చంపాలి, ఎంత డబ్బు వస్తుంది. పక్క బల్ల దగ్గరున్న ఒకావిడ అంతా విన్నది. ఫిన్లే సంచీలోకి తొంగిచూస్తే టేపు, రక్తపు మరకల గుడ్డ కనిపించాయి. తన భర్త పీడ వదిలిస్తే యాభై వేల డాలర్లు ఇస్తానని చీటీ రాసి పెట్టి వెళ్ళిపోయింది.

చీటీ చించి పారేస్తే కథ అక్కడితో అయిపోయేది. ఫిన్లే చించలేదు. ఆ భర్త ఎలాంటివాడో చూసివద్దామని వెళ్ళింది. వాడు నిజంగానే దుర్మార్గుడని తేలింది. ఆ రాత్రి ముగిసేసరికి వాడు ఫిన్లే వాళ్ళ కారు షెడ్డులో చచ్చి పడున్నాడు. ఆమె చంపలేదు. ఎవరు చంపారో ఆమెకే తెలీదు. పైగా సొంత తోబుట్టువే పోలీసు ఉద్యోగి. ఇక పిల్లల్ని చూసుకునే వీరో అనే అమ్మాయితో కలిసి ఫిన్లే పడే పాట్లే మిగతా కథ. హంతకుడు ఎవరో నేను చెప్పను. అవి పెద్దవాళ్ళ పుస్తకాలు, మీరు కాలేజీకి వెళ్ళాక చదువుకోవచ్చు.

శవం ఉన్న కథ చదువుతూ నేనెందుకు నవ్వాను? కొన్నాళ్ళు ఆలోచించాను. మామూలు అపరాధ పరిశోధన నవలలో మనం డిటెక్టివ్ వెనక నడుస్తాం. మన అమ్మమ్మల కాలంలో కొమ్మూరి సాంబశివరావు నవలలకి గొప్ప గిరాకీ ఉండేది. వాటిలో డిటెక్టివ్ యుగంధర్‌కీ అతని అసిస్టెంట్ రాజుకీ తెలిసినంతే మనకీ తెలుస్తుంది. మల్లాది వెంకట కృష్ణమూర్తి రాసిన 'చంటబ్బాయ్' మనల్ని కడుపుబ్బ నవ్విస్తుంది. దాన్ని 1986లో జంధ్యాల సినిమాగా తీస్తే చిరంజీవి డిటెక్టివ్‌గా వేశారు. అక్కడ కూడా మనం ఉండేది డిటెక్టివ్ వైపే. ఫిన్లే కథలో మనం దొరికిపోబోయే మనిషి పక్కన నిలబడతాం. పోలీసులకి తెలియనిది మనకి తెలుసు. తలుపు చప్పుడైతే ఫిన్లేతో పాటు మన గుండె కూడా జారుతుంది. తలుపు తీసేలోపు ఆమె పిల్లాడి ముక్కు తుడవాలి, పాలు పొంగకుండా చూడాలి. నవ్వు ఆ ముక్కు తుడవడంలో ఉంది. ఎంత పెద్ద నేరం నెత్తిమీద పడ్డా ఇంటిపని ఆగదు. మీ ఇంట్లో నాన్న దూరంగా క్యాంపులో ఉంటే, అమ్మ ఒక్కతే గ్యాసు, ఫీజు, జ్వరం, కుళాయి అన్నీ చూసుకుంటుంటే, మీకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

ఇక్కడ నా నేరం ఒకటి ఒప్పుకోవాలి. ఈ పత్రిక మా అమ్మాయి కూడా చదువుతుంది, కాబట్టి దీన్ని వాంగ్మూలం అనుకోండి. వాంగ్మూలం అంటే జరిగింది జరిగినట్టు అధికారి ముందు చెప్పి రాయించడం.

కిష్టారం నుంచి ఫోన్ రావడం మన చేతుల్లో ఉండదు. సిగ్నల్ ఉంటే వస్తుంది, లేకపోతే లేదు. ఒక బుధవారం రాలేదు, అంతకు ముందు రెండు రోజులూ రాలేదు. చిన్నవాడు అన్నం తినకుండా కూర్చున్నాడు. "మీరు స్కూల్లో ఉన్నప్పుడు నాన్న ఫోన్ చేశార్రా" అనేశాను. వాడు తిన్నాడు. పెద్దది ఏడో తరగతి, వాడిలా ఊరుకునే రకం కాదు.

"ఏమన్నారు?"

"అన్నం తిన్నారా అని అడిగారు."

"ఇంకా?"

"నీ లెక్కల మార్కులు అడిగారు. చెప్పాను. సంతోషించారు."

శుక్రవారం నిజంగానే ఫోన్ వచ్చింది. "లెక్కల్లో ఎన్నొచ్చాయి తల్లీ?" అని అడిగారాయన. అమ్మాయి ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నావైపు చూసింది. ఆ చూపుకి ఏ ఇన్‌స్పెక్టరూ పనికిరాడు. "నాన్న మరిచిపోయి ఉంటారు" అన్నాను. అంటే ఒక అబద్ధాన్ని కాపాడడానికి, ఏ పాపం ఎరగని మనిషికి మతిమరుపు అంటగట్టాను. ఫిన్లే చేసేది కూడా సరిగ్గా ఇదే.

ఇలాంటి కథ అమెరికా వాళ్ళే రాశారని అనుకోకండి. మన తెలుగులో అన్నిటికంటే పేరున్న నాటకం ఇదే దారిలో నడుస్తుంది. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో ఆయనే దాన్ని చాలావరకు తిరగరాసి పెద్దది చేశారు. పరీక్షల కోసం చదివేవాళ్ళు దాన్ని సంఘ సంస్కరణ నాటకం అని రాసి ఊరుకుంటారు. అది నిజమే. కాని దాని మధ్యలో ఒక హత్య కేసు ఉందని, చచ్చిపోయిన మనిషి అసలు పుట్టనే లేదని ఎంతమంది గుర్తుపెట్టుకుంటారు?

కథ మొదలయ్యేది ఒక అమ్మ దగ్గరే. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు అనే కోపిష్టి ఉంటాడు. ఆయన చిన్నకూతురు సుబ్బి పసిపిల్ల. దాన్ని డబ్బు తీసుకుని లుబ్ధావధాన్లు అనే ముసలాయనకి ఇచ్చి పెళ్ళి చేస్తానంటాడు. ఆ డబ్బు పేరే కన్యాశుల్కం. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే చిన్నతనంలో వితంతువై ఇంట్లో ఉంది. తల్లి వెంకమ్మ వద్దని ఏడ్చింది, వాదించింది, ఎవరూ వినలేదు. చివరికి వెళ్ళి నూతిలో దూకింది. పైకి తీశారు, బతికింది. అప్పుడు ఆమె తోడబుట్టిన కరటక శాస్త్రి, నాటకాల్లో విదూషక వేషాలు కట్టే మనిషి, ఈ పెళ్ళి తప్పిస్తానని మాట ఇచ్చాడు.

ఎలా తప్పించాడు? తన శిష్యుడికి, మీసం కూడా మొలవని కుర్రాడికి, ఆడపిల్ల వేషం వేశాడు. తన పేరు గుంటూరు శాస్త్రులని మార్చుకున్నాడు. అదే లుబ్ధావధాన్లకి ఆ 'కూతుర్ని' అమ్మి పెళ్ళి చేసేశాడు! మధురవాణి తన కంటెని పెళ్ళికూతురి మెడలో వేయడానికి ఇచ్చింది. కంటె అంటే మెడకి పెట్టుకునే బంగారు నగ. పెళ్ళయ్యాక కుర్రాడు వేషం తీసేసి చక్కాపోయాడు. తెల్లారేసరికి పెళ్ళికూతురు లేదు. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి, పోలీసులు వచ్చారు, లుబ్ధావధాన్లు హత్య కేసులో ముద్దాయి అయ్యాడు. ముద్దాయి అంటే నేరం మోపిన మనిషి. ఎంత వెతికినా శవం దొరకదు, ఎలా దొరుకుతుంది? ఆ సంగతి మనకి తెలుసు, లుబ్ధావధాన్లకి తెలీదు. ఆయన వణుకుతుంటే మనం నవ్వుతాం.

ఇక్కడ కాసేపు ఆగండి. నాకు ఫిన్లే కంటే గురజాడ పెద్ద రచయితగా కనిపించేది ఇక్కడే. నవ్వుతూ నవ్వుతూ ఉండగా, ఈ కేసులో లుబ్ధావధాన్లు నిజంగా నిరపరాధి అని మనకి గుర్తొస్తుంది. ఉరి పడితే చచ్చేది ఏ హత్యా చేయని మనిషి. కేసు కొట్టేయాలంటే నిజం బయటికి రావాలి. నిజం బయటికి వస్తే, తోబుట్టువు బిడ్డని, పసిదాన్ని కాపాడబోయిన కరటక శాస్త్రి మోసం చేసినందుకు జైలుకి పోతాడు. సౌజన్యారావు పంతులనే నిజాయితీపరుడైన వకీలు ముద్దాయి తరఫున నిలబడతాడు, కాని ఆయనకీ అసలు సంగతి తెలీదు. తెలిసిన మనిషి మధురవాణి. ఆమె మగవేషం వేసుకుని ఆయన ఇంటికి వెళ్ళే ఘట్టం మీరే చదవాలి. ఆడవేషంతో పడిన ముడిని మగవేషంతో విప్పడం చూస్తే, గురజాడ ఈ కథని ఎంత సరదాపడి అల్లాడో తెలుస్తుంది.

ఇంకో సంగతి. నాటకం మొదటి కూర్పు ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించారు. లెక్కకి వచ్చినవి 1034. పెళ్ళికూతుళ్ళలో ఏడాది వయసు వాళ్ళు కూడా ముగ్గురున్నారు.  నిజమైన ఆడపిల్లని అమ్మితే కేసు లేదు, లేని ఆడపిల్లని అమ్మితే కేసు. నాటకంలో అందరూ మాయమైన పెళ్ళికూతురు కోసం వెతుకుతుంటారు. గురజాడ చూపు మాత్రం ఇంట్లో కళ్ళెదుటే ఉన్న సుబ్బి మీద, బుచ్చమ్మ మీద ఉంది.

తరగతిలో చేయాల్సిన పని చెబుతాను. పదో తరగతి వాళ్ళు సౌజన్యారావు దగ్గరికి మధురవాణి వచ్చే ఘట్టం చదివి, కరటక శాస్త్రి మీద కేసు పెడితే అతని తరఫున వాదిస్తూ ఒక పేజీ రాయండి. చిన్నవాళ్ళు మీ ఇంట్లో ఒక పొరపాటు మాట ఎంత దూరం వెళ్ళిందో రాయండి. తెలుగు మాట్లాడడం వచ్చి రాయడం రానివాళ్ళు మీలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మూడేళ్ళకో బడి, బడికో భాష మారితే అంతే మరి. మీరు చెప్పండి, అమ్మ చేత రాయించుకు రండి. అమ్మ తన తప్పుని కూడా నిజంగా రాస్తుందో లేదో చూడండి.

నిన్న రాత్రి కిష్టారం నుంచి ఫోన్ కలిసింది. అమ్మాయి నా చేతిలోంచి లాక్కుని, స్పీకర్ పెట్టి, "నాన్నా, ఆ రోజు, మేం స్కూల్లో ఉన్నప్పుడు, బుధవారం నువ్వు ఫోన్ చేశావా?" అని అడిగింది. వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోయింది. నేను ఆయనకి ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ఒక్క క్షణం అవతల చప్పుడు లేదు.

"చేశానమ్మా" అన్నారాయన.

"ఏం మాట్లాడావు?"

ఫోన్ కట్ అయిపోయింది. సిగ్నల్ పోయిందో, ఆయనే పెట్టేశారో మాకు ఇంకా తెలీదు.