పచ్చిక బయళ్లలో కోళ్ల లిట్టర్ వినియోగం: మోతాదు నిర్ణయంలో భాస్వరపు లెక్క

కోళ్ల లిట్టర్ అనగా బ్రాయిలర్ షెడ్లలో నేలపై పరచిన వరి ఊక లేక రంపపు పొట్టు, దానిలో కలిసిన రెట్ట, రాలిన ఈకలు, చిందిన దాణా, వీటన్నిటి మిశ్రమం. పంజరాలలో పెంచే గుడ్ల కోళ్ల కింద పోగయ్యే రెట్టలో ఊక ఉండదు. దాణాలో సున్నపురాయి ఎక్కువగా కలుపుతారు గనుక కాల్షియం అధికం. మన రైతులు రెండింటినీ 'కోళ్ల ఎరువు' అనే పిలుస్తారు. కావున సిఫారసు చేసే ముందు అది ఏ షెడ్డు నుండి వచ్చినదో అడిగి తెలుసుకోవడం విస్తరణ శాస్త్రవేత్త మొదటి పని. ఈ వ్యాసం ప్రధానంగా బ్రాయిలర్ లిట్టర్‌ను గురించినది.

పశువులు మేసే బయళ్లకు లిట్టర్ వేయడంలో దీర్ఘకాలిక అనుభవం అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలకు ఉన్నది. అలబామా, జార్జియా, ఆర్కాన్సా కొండప్రాంతాలలో ఒకే రైతు కోళ్ల షెడ్లను, మాంసపు పశువులను కలిపి పోషించడం సాధారణం. అక్కడి బయళ్లలో ముఖ్యమైనవి టాల్ ఫెస్క్యూ, బెర్ముడా గడ్డి. రెండవది మరేదో కాదు, మన గరికయే. కోళ్ల దాణాకు కావలసిన మొక్కజొన్న, సోయా చాలావరకు దూరపు మధ్య పశ్చిమ రాష్ట్రాల నుండి వస్తాయి. ధాన్యంతో వచ్చిన భాస్వరం మాత్రం తిరిగి ఆ పొలాలకు చేరదు. షెడ్డు చుట్టూ ఉన్న కొద్దిపాటి నేలలోనే ఏటేటా నిలిచిపోతుంది. సమస్యకు మూలం లిట్టర్ స్వభావంలో కంటే ఈ ఒకవైపు ప్రయాణంలోనే ఎక్కువగా ఉన్నది.

అలబామాలోని శాండ్ మౌంటెన్ ప్రాంతంలో 15 నుండి 28 సంవత్సరాల పాటు లిట్టర్ వేసిన ఫెస్క్యూ బయళ్లను, లిట్టర్ వేయని బయళ్లతో 12 జతలుగా పోల్చిన అధ్యయనం 1994లో వెలువడింది. విద్యార్థులు తప్పక చదవదగినది. లిట్టర్ వేసిన నేలల పైపొరలో సేంద్రియ కర్బనం పెరిగింది. ఉదజని సూచిక సుమారు 0.5 మేర హెచ్చింది. ఆమ్ల నేలలకు ఇది మేలే. అయితే లభ్య భాస్వరం 60 సెంటీమీటర్ల లోతు వరకు ఆరు రెట్లకు మించి ఉన్నది. నైట్రేటు రాతిపొర సమీపం దాకా దిగిపోయింది. రాగి, జింకు కూడా పేరుకొన్నాయి. గడ్డి పచ్చగా, ఏపుగా ఉన్న బయలు కింద ఇదంతా జరిగింది. పైరును చూసి నేలను అంచనా వేయరాదని చెప్పడానికి ఇంతకంటే మంచి నిదర్శనం అరుదు.

కారణం చిన్న లెక్కలో తేలుతుంది. టన్ను బ్రాయిలర్ లిట్టర్‌లో సుమారు 30 కిలోల నత్రజని, 30 కిలోల భాస్వరం, 20 నుండి 25 కిలోల పొటాష్ ఉంటాయి (భాస్వరం, పొటాష్ ఎరువుల సంచిపై రాసే ఆక్సైడు రూపంలో). హెక్టారుకు 10 టన్నులు వేస్తే నత్రజని 300 కిలోలు, భాస్వరం 300 కిలోలు. నత్రజనిలో కొంత అమ్మోనియాగా ఎగిరిపోతుంది, కొంత సేంద్రియ రూపంలో ఆగుతుంది. మొదటి ఏడు గడ్డికి అందేది సగమనుకొందాం, అంటే 150 కిలోలు. 8 టన్నుల ఎండుగడ్డి కోస్తే అది తీసుకొనే నత్రజని సుమారు 160 కిలోలు. ఇంతవరకు మోతాదు చక్కగా సరిపోయినట్లే కనిపిస్తుంది. కానీ అదే కోత తీసుకొనే భాస్వరం దాదాపు 50 కిలోలు మాత్రమే. తక్కిన 250 కిలోలు నేలలోనే మిగులుతాయి, అదీ ఒక్క సంవత్సరంలో.

ఇది గడ్డిని కోసి బయటకు తరలించిన బయలు మాట. పశువులను అందులోనే మేపితే లెక్క మరింత తీవ్రం. తిన్న భాస్వరంలో అధిక భాగాన్ని పశువు పేడ ద్వారా అక్కడే వదులుతుంది. పెరిగిన శరీర బరువులో భాస్వరం సుమారు 0.7 శాతం. హెక్టారుకు 300 కిలోల బరువు పెరిగిందనుకొన్నా, బయలు దాటి వెళ్లే భాస్వరం ఆక్సైడు రూపంలో 5 కిలోలే. కావున మోతాదు నిర్ణయించే ముందు వేయవలసిన ప్రశ్న 'గడ్డికి ఎంత నత్రజని కావాలి?' అన్నది కాదు, 'ఈ గడ్డి ఎక్కడికి పోతున్నది?' అన్నది.

మిగిలిన భాస్వరం వానతో వాగుకు, వాగుతో జలాశయానికి చేరి నాచును పెంచుతుంది. ఇల్లినాయ్ నది పరీవాహక ప్రాంతంలో లిట్టర్ వలన నీరు చెడినదని ఓక్లహోమా రాష్ట్రం 2005లో పౌల్ట్రీ కంపెనీలపై దావా వేసింది. రాష్ట్రానికి అనుకూలంగా తీర్పు వెలువడింది 2023 జనవరిలో. న్యాయస్థానానికి పట్టిన కాలం దీర్ఘమే, అంతగా నిండిన నేల ఖాళీ కావడానికి పట్టే కాలమూ తక్కువది కాదు.

మన పరిస్థితి కొంత వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పాడిరైతు నీటి వసతి కింద హైబ్రిడ్ నేపియర్ వేసి, కోసి, కొట్టంలో మేపుతాడు. ఏడాదికి హెక్టారుకు 200 టన్నుల పచ్చిమేత, అంటే సుమారు 40 టన్నుల ఎండు పదార్థం వస్తే, అందులో భాస్వరం మూలకరూపంలో 0.2 శాతమే అనుకొన్నా ఆక్సైడు లెక్కన 180 కిలోలకు పైగా బయటకు పోతుంది. ఇక్కడ 6 టన్నుల లిట్టర్ భాస్వరపు తూకానికి సరిపడుతుంది. దానిలోని నత్రజని ఈ పైరుకు ఏ మాత్రం చాలదు. కొరతను ప్రతి కోత తరువాత యూరియాతో పూడ్చాలి. పొటాష్ పరిస్థితి ఇంకా కష్టం: ఎండు పదార్థంలో 1.5 శాతం పొటాషియం ఉంటే పైరు తీసుకొనేది 700 కిలోలు, లిట్టర్ ఇచ్చేది 150. లిట్టర్‌తో అన్నీ అందుతాయన్న నమ్మకంతో పొటాష్ మానివేయడం తప్పు. మరొక మెలిక ఉన్నది. కొట్టంలోని పేడను తెచ్చి మళ్లీ ఆ మడికే వేస్తే, కోసిన గడ్డితో పోయిన భాస్వరంలో చాలా భాగం వెనక్కి వచ్చినట్లే. అపుడు లిట్టర్‌ను ఆ మేరకు తగ్గించాలి.

పశు ఆరోగ్యం విషయానికి వస్తే, జార్జియాలోని వాట్కిన్స్‌విల్ పరిశోధన కేంద్రంలో 1970ల నాటి పరిశీలనలు గమనార్హం. లిట్టర్ అతిగా వేసిన ఫెస్క్యూ బయళ్లలో మేసిన ఆవులలో పొట్టలోని కొవ్వు గట్టిపడి గడ్డలు కట్టడం, మెగ్నీషియం లోపించి ఈడ్పులు రావడం అక్కడ కనిపించాయి. మొదటిది ఫెస్క్యూకు ముడిపడినది. రెండవది నత్రజని, పొటాష్ మితిమీరిన ఏ లేత పచ్చికలోనైనా రావచ్చు. గొర్రెలకు రాగి విషంగా మారుతుంది గనుక లిట్టర్ వేసిన బయలులో వాటిని మేపకపోవడమే క్షేమం.

అన్నిటికంటే భయపడవలసినది బొట్యులిజం. లిట్టర్‌లో చచ్చిన కోడి, దాని ముక్క మిగిలితే, కుళ్లిన ఆ మాంసంలో క్లాస్ట్రీడియం బొట్యులినం విషాన్ని పుట్టిస్తుంది. కుక్కలు, కాకులు కళేబరాల ముక్కలను బయలంతా చేరవేస్తాయి. పశువుకు వెనుక కాళ్లు బలహీనపడతాయి, నాలుక వేలాడుతుంది, చొంగ కారుతుంది, కింద పడి లేవలేదు; జ్వరం ఉండదు, తెలివి తప్పదు. మన గ్రామాలలో పడిపోయిన పాడి ఆవును చూడగానే పాలజ్వరం అనుకోవడం సహజం. అయితే కాల్షియం ఎక్కించినా లేవకపోతే, ఒట్టిపోయినవి, పడ్డలు కూడా ఒకేసారి పడిపోతుంటే, లిట్టర్ సంగతి అడిగి తీరాలి. విషం ఎక్కిన పశువును రక్షించే ఆచరణ సాధ్యమైన చికిత్స దాదాపు లేదు. బయలులో కళేబరాల ముక్కలు ఉన్నంతవరకు ఎన్ని వారాల విరామం ఇచ్చినా రక్షణ కాదు. చచ్చిన కోళ్లను ఏ రోజుకారోజు వేరు చేసి గుంటలో పూడ్చడం లేక కాల్చడమే మార్గం. ఆ నమ్మకం లేని లిట్టర్‌ను మేత బయలుకు కాక, దున్ని కలిపివేసే పంట పొలానికే పంపాలి. దక్షిణాఫ్రికాలో ఆర్నల్డ్ థైలర్ చూపినది దీనికి తలకిందుల సంగతి: అక్కడ నేలలో భాస్వరం చాలక పశువులు ఎముకలు నమిలి ఇదే జబ్బు తెచ్చుకొనేవి.

వేసే పద్ధతి గురించి క్లుప్తంగా. గడ్డి చురుకుగా పెరిగే కాలంలో, కోసిన వెంటనే, తేలికపాటి తడికి ముందు వేయాలి. భారీ వాన సూచన ఉన్నపుడు, వాగు గట్ల వెంట వేయరాదు. రెట్టలోని యూరిక్ ఆమ్లం త్వరగా అమ్మోనియాగా మారుతుంది. ఎండలో, సున్నపు నల్లరేగడిలో నష్టం అధికం. మేపును కనీసం మూడు నాలుగు వారాలు ఆపి, కొత్త చిగురు వచ్చాకే పశువులను వదలాలి. షెడ్డులో లిట్టర్‌పై అల్యూమినియం సల్ఫేట్, అంటే మన పటిక జాతి లవణం, చల్లితే అమ్మోనియా నష్టం, నీటిలో కరిగే భాస్వరం రెండూ తగ్గుతాయని ఆర్కాన్సాలో నిరూపితమైంది. మొత్తం భాస్వరం మాత్రం తగ్గదు, కాబట్టి పై లెక్క మారదు.

దున్నని బయలులో భాస్వరం పై కొద్ది సెంటీమీటర్లలోనే ముందుగా పేరుకొంటుంది. 15 సెంటీమీటర్ల మామూలు నమూనాలో అది పలచబడి కనిపిస్తుంది. కనుక 0–5 సెంటీమీటర్ల నమూనాను వేరుగా తీసి, ఆమ్ల నేలలకు బ్రే, క్షార నేలలకు ఓల్సన్ పద్ధతిలో పరీక్షించాలి. ఫలితం అధిక స్థాయిలో ఉంటే ఆ బయలుకు లిట్టర్ ఆపి యూరియా మాత్రమే ఇస్తూ, రెండేళ్లకొకసారి తిరిగి పరీక్షించాలి.