విద్యుద్గిటారు పికప్పు: నాదమును సవరించుకొను విధము

ఫారడే మహాశయుడు 1831వ సంవత్సరమున కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణమును మన విద్యార్థులెల్లరు చదివియే యుందురు. తీగచుట్ట చెంత అయస్కాంతక్షేత్రము మారినచో చుట్టయందు విద్యుత్తు జనించును. ఈ పాఠమును చెవులతో వినగోరువారు విద్యుద్గిటారును వినవలెను. పాలకొల్లున 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ గారు విద్యున్మాండొలినుపై కర్ణాటక సంగీతమును వినిపించుటకు ఆధారమైనదియు నీ సూత్రమే.

తంత్రుల క్రింద నుండు పికప్పులో ఆరు అయస్కాంతపు కడ్డీలును, వాని చుట్టును వెండ్రుకవంటి రాగితీగ దాదాపు 8,000 చుట్లును ఉండును. ఉక్కుతంత్రి కంపించినప్పుడు క్షేత్రము కంపించును. చుట్టలో విద్యుత్తు పుట్టును. నైలాను తంత్రులకు ఈ పికప్పు పలుకదు.

నాదము కర్కశముగా నున్నదని బాలురు క్రొత్త పికప్పులకై తలిదండ్రులను వేధించుట కలదు. అంతకు ముందు ఒక మరచుట్టు సాధనము చేతబట్టవలెనని మా మాట. పికప్పునకు ఇరుప్రక్కల నుండు మరలను త్రిప్పినచో అది పైకిని క్రిందికిని కదలును. తంత్రికి చేరువైనకొలది ధ్వని హెచ్చును. కాని మిక్కిలి చేరువైనచో అయస్కాంతము తంత్రిని తనవైపు లాగుకొనును. అప్పుడు లావు తంత్రులు పైమెట్లపై శ్రుతి నిలువక వణకును. వాయించువాడు శ్రుతి తప్పినదని బిరడాలు త్రిప్పి త్రిప్పి విసుగు చెందును! తంత్రిని చివరి మెట్టుపై నొక్కిపట్టి, కడ్డీకిని తంత్రికిని నడుమ సన్నతంత్రివైపు సుమారు 2 మిల్లీమీటర్లును, లావుతంత్రివైపు కొంచె మెక్కువయు ఎడముంచి, పిదప చెవితో నిర్ణయించుకొనవలెను.

1954లో వెలువడిన ఫెండర్ స్ట్రాటోకాస్టరు గిటారులో కడ్డీలు సమానమైన యెత్తున లేవు. ఆ కాలమున మూడవ తంత్రికి పైని సన్నతీగ చుట్టబడి యుండెడిది. దాని ధ్వని మందమగుటచే కడ్డీని ఎత్తుగా నమర్చిరి. నేడు మూడవ తంత్రి చుట్టులేని ఉక్కుతీగ యగుటచే, పాత యమరిక గల పికప్పుపై అదియొక్కటియే పెద్దగా అరచును. అట్లని కడ్డీని వ్రేలితో లోనికి నొక్కరాదు. పెక్కు పికప్పులలో రాగితీగ కడ్డీల నంటియే చుట్టబడి యుండుటచే తీగ తెగి పికప్పు మూగవోవును. సమతలపు కడ్డీలు గలదానిని కొనుటయే మేలు.

చుట్లు పెంచినచో బలము పెరుగునుగాని తళుకు తగ్గును. కావున బలమైనదే మంచిదనుట పొరపాటు. అల్నికో అయస్కాంతములలో 5వ రకము స్ఫుటమైన నాదము నిచ్చును. 2, 3 రకములు మెత్తని నాదము నిచ్చును. స్వల్పవ్యయముతో మార్పు కోరువారు 250 కిలో ఓముల ధ్వనినియంత్రణమునకు బదులు 500 కిలో ఓములది పెట్టి చూడవచ్చును, తళుకు పెరుగును. మిక్కిలి పొడవైన కేబులు తళుకును మ్రింగివేయును.

ఇక హోరు. మన దేశపు విద్యుత్తు సెకనునకు 50 ఆవర్తనములు గలది. సమీపమున నున్న ట్రాన్సుఫార్మరుల క్షేత్రమును కూడ ఒంటిచుట్ట పికప్పు పట్టుకొనును. గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ 1955లో దీనికి ఉపాయము పన్నెను. రెండవ చుట్టను వ్యతిరేకదిశలో చుట్టి, అయస్కాంత ధ్రువములనుగూడ తలక్రిందులు చేసినచో, తంత్రినాదములు రెండును కలియును, హోరులు రెండును ఒకదానినొకటి చంపుకొనును. మూడు పికప్పుల గిటారులో నడిమిదానిని ఇట్లు చేయించినచో, దానిని ప్రక్కదానితో కలిపి వాయించునప్పుడు హోరు శమించును. ఒంటిగా వాయించునప్పుడు మాత్రము మిగులును. లోపల రాగిరేకు నంటించి భూమితీగకు కలుపుట దీపములవలని గరగరను తగ్గించును గాని ట్రాన్సుఫార్మరు హోరును ఆపజాలదు.

ఈ పనులకు ముందు గిటారును యాంప్లిఫయరునుండి విడదీయవలెను. యాంప్లిఫయరు పెట్టెను మాత్రము బాలురు తెరువరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటగూడ దానిలోని కెపాసిటరులలో ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచి యుండవచ్చును.